కాటాకు అందని తప్పు: ఎయిర్ రైఫిల్ పెల్లెట్లతో నా అనుభవం

మిల్లీగ్రాము తేడాను పట్టిచ్చే కాటా ఇంట్లో ఉన్నందుకే మేము మూడు నెలలు దారి తప్పినాము. కాటా లేని ఇంట్లో అయితే ఆ తప్పు జరిగేదే కాదు.

మాది ప్రొద్దుటూరు. తాతల కాలం నుంచి బంగారం పని. నేనూ పదిహేనో ఏట కుంపటి ముందు కూర్చున్నవాణ్ణే. మా పాపకు మాత్రం తొమ్మిదో తరగతిలో రైఫిల్ మీద మనసు పడింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా ఆఖరి గుండు 10.8 కొట్టి బంగారం గెలిచిన వీడియో చూసింది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో అదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినాడని తెలుసుకుంది. ఇంక వదల్లేదు. వాళ్ళమ్మ మొదట వద్దంది. సీమలో తుపాకి మాట వింటే ఏ తల్లైనా వద్దనే అంటుంది. ఇది మందుతో పేలేది కాదని, గాలితో నడిచేదని, గొట్టం లోపలి వెడల్పు, అంటే బోరు, 4.5 మిల్లీమీటర్లు ఉండి గుండు శక్తి 20 జూళ్ళు దాటనిదానికి లైసెన్సు అక్కర్లేదని, మనం కొనేది ఎనిమిది జూళ్ళ లోపలిదేనని అన్నీ కూర్చోబెట్టి చెప్పినాక సరే అంది.

మేడమీద రేకుల వరండా ఉంది, పొడవు పదకొండు మీటర్లకు కొంచెం పైన. ఒక చివర గీత గీసినాను, రెండో చివర నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో టార్గెట్ మధ్య వచ్చేట్టు ఇనుప పెట్టె బిగించినాను. పెట్టె లోపల వాలుగా మందపాటి రేకు, వెనక ఇసుక మూటలు. ప్రాక్టీసు మొదలైతే మెట్ల తలుపుకు లోపలి నుంచి గడియ. ఇరుగుపొరుగు వాళ్ళను ఒకరోజు పిలిచి, కాఫీ ఇచ్చి, చప్పుడు వినిపించినాము. మా ఊళ్ళో ఆ పని చేయకుండా మొదలుపెట్టడం మంచిది కాదు.

ఈ ఆటలో కొలతలు నన్ను మొదటిరోజే కట్టిపడేసినాయి. పదో రింగు అంటే అర మిల్లీమీటరు చుక్క. తీగ సాగదీసే కమ్మచ్చులో సన్నబెజ్జాల దాకా లాగిన తీగ తలంత. తొమ్మిదో రింగు అయిదున్నర మిల్లీమీటర్లు. గుండు మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు జరిగితే ఒక పాయింటు పోయినట్టే. పోటీలో అరవై గుండ్లు, గంటా పదిహేను నిమిషాలు, దశాంశాల్లో లెక్క. నట్టనడుమ పడితే 10.9, మొత్తం కలిపి ఎక్కువలో ఎక్కువ 654. ఇట్లాంటి లెక్క చూసిన కంసాలికి చేయి ఊరకుంటుందా!

మొదటి ఏడాది మన దేశంలో చేసిన స్ప్రింగు రైఫిల్‌తో నేర్చుకుంది. తర్వాత హైదరాబాదులో ఆట మానుకున్న ఒక పిల్లాడి దగ్గర, గాలి సిలిండర్ ఉండే పోటీ రైఫిల్ పాతది కొన్నాము. మా ఆవిడ గాజులు రెండు దానికే పోయినాయి. కోచ్ సారు హైదరాబాదులోనే ఉంటారు. రెండు నెలలకొకసారి రాత్రి బస్సుకు పోయి రావడం, మిగతా రోజులు ఫోనులో.

కొత్త రైఫిల్‌తో మొదటి నెల టార్గెట్ కార్డులు కళ్ళకద్దుకునేట్టు ఉన్నాయి. రెండో నెల నుంచి గుండ్లు చెదరడం మొదలైంది. నాలుగు పదిలో పడితే అయిదోది ఎనిమిదిలో. ఏ వైపుకో కూడా లెక్క లేదు: ఒకటి కిందికి, ఒకటి కుడికి. పాప ఊపిరి ఆపే తీరు మార్చుకుంది, మోచెయ్యి జరుపుకుంది, షూటింగ్ జాకెట్ పట్టీలు వదులు చేసుకుంది. తేడా రాలేదు.

అప్పుడు నాకు తట్టింది: పెల్లెట్ల బరువు ఒకేలా లేదేమో! అరగ్రాముకు కాస్త ఎక్కువ తూగే సీసపు గింజ. దాంట్లో తేడా ఉంటే గురి తప్పక ఏమవుతుంది? కాటా ముందు పెట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. టిన్నులో అయిదువందలుంటాయి. శ్రావణంతో, అంటే మా సన్న పట్టకారుతో, ఒక్కొక్కటి పట్టుకోవడం, పళ్ళెంలో పెట్టడం, అంకె చూడడం, ఆ అంకె రాసిన డబ్బీలో వేయడం. 532 నుంచి 541 మిల్లీగ్రాముల దాకా పది డబ్బీలు అయినాయి. పాత టిన్నులో ఎనభై దాకా మిగిలినవి ఉంటే వాటినీ తూచి ఆ డబ్బీల్లోనే కలిపినాను, దండుగ ఎందుకని.

దానికంటే ముందు ఇంకో పని చేసినాను. చెప్పాలంటే ఇప్పటికీ బాధే. టిన్ను తెరిస్తే పెల్లెట్ల మీద నల్లటి జిడ్డు కనిపించింది. మా పనిలో నగ ఏదైనా కుంకుడుకాయ నురగలో వేసి, కుంచెతో రుద్ది కడిగితేనే చేతికిస్తాం. ఆ అలవాటుతోనే అయిదువందలూ కుంకుడు నీళ్ళలో కడిగి, పళ్ళెంలో పోసి మేడమీద ఎండబెట్టినాను. ఎండకు తళతళమన్నాయి. చాలా మంచి పని చేసినాను అనుకున్నాను.

తూచిన పెల్లెట్లతో గుండ్లు ఇంకా చెదిరినాయి.

ఆ నెలలో ఒక రాత్రి అన్నం తింటూ పాప అడిగింది, "నాయనా, నా చేతిలోనే లేదేమో ఈ ఆట, ఆపేద్దామా?" అని. కంచంలో చెయ్యి అట్లే పెట్టుకుని అడిగింది. నేను "ప్రాక్టీసు చేస్తే వస్తుంది తల్లీ" అన్నాను. అంతకంటే తప్పుడు జవాబు ఇంకోటి లేదు. ఆ పిల్ల చేతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా నేను కూర్చున్న బల్ల మీద ఉంది.

మరుసటి రోజు కోచ్ సారుకు ఫోన్ చేసినాను. ఆయన పాప నిలబడే తీరు గురించి ఒక్క మాట అడగలేదు. "పెల్లెట్లు ఎట్ల తీస్తున్నారు, ఎట్ల పెడుతున్నారు, మొదటి నుంచి చెప్పండి" అన్నారు. చెప్పినాను. కుంకుడు మాట దగ్గర ఆయన ఊపిరి వినిపించింది. శ్రావణం మాట దగ్గర ఆపినారు. "నగల మీద చూసే భూతద్దం ఉంటుంది కదా మీ దగ్గర? ఒక పెల్లెట్ తిరగేసి, బోలుగా ఉండే వైపు చూడండి. చూసినాక మళ్ళీ ఫోన్ చేయండి."

పెల్లెట్ ఆకారం డమరుకం లాంటిది. ముందు బల్లపరుపు తల. కాగితానికి గుండ్రంగా, అంచులు చిరగకుండా చిల్లు పడేది దానివల్లే. మధ్యలో సన్నటి నడుము. వెనక బోలుగా, పావడా లాగా విచ్చుకున్న భాగం. దాన్ని స్కర్టు అంటారు. గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడుల మీద తల ఆని జారుతుంది. వెనక నుంచి గాలి తోసినప్పుడు స్కర్టు పలచటి అంచు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది, గాలి పక్కల నుంచి జారిపోకుండా మూసేస్తుంది. గొట్టం మూతి దాటే క్షణంలో ఆ అంచు చుట్టూ గాలి సమంగా వదలాలి. అంచు ఒక పక్క నొక్కుకుని ఉంటే ఆ పక్క ముందుగానో ఆలస్యంగానో వదులుతుంది. పెల్లెట్ తోక కొంచెం తూలుతుంది. పది మీటర్లు పోయేసరికి ఆ తూలడమే ఎనిమిదో రింగు.

భూతద్దం కంటికి బిగించి మొదటి పెల్లెట్ తిప్పినాను. అంచు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులాగా ఉంది. ఎదురెదురుగా రెండు చిన్న చదును మచ్చలు. అవి ఏమిటో నాకు ఒక్క నిమిషం పట్టలేదు: నా శ్రావణం రెండు పెదవుల గుర్తులు. రెండో పెల్లెట్, మూడోది, పదోది, అన్నింటికీ అవే మచ్చలు. కొన్నింటికి డబ్బీలో జారవిడిచినప్పుడు పడ్డ సొట్టలు కూడా. నడుము దగ్గర, స్కర్టు లోపల, ఎండిన పెసరపిండి లాంటి తెల్లటి పొడి. సీసానికి తడి తగిలి పూసిన పొడి అది. పెల్లెట్ మీద నేను జిడ్డు అనుకున్నది గొట్టంలో సీసం అంటకుండా కాపాడే పూత. కడిగి పారేసింది నేనే.

బంగారం తీగను శ్రావణంతో గట్టిగా పట్టినా ఏం కాదు, చేయి తిరిగినవాళ్ళకు అది అలవాటు. సీసం అట్లా కాదు. గోరు గుచ్చితే గుంట పడే లోహం. నలభై ఏళ్ళు లోహంతో బతికినవాణ్ణి, ఆ తేడా నాకు తెలియక కాదు. కాటా మీద అంకె చూసే తొందరలో చెయ్యి పట్టించుకోలేదు.

ఆదివారం పరీక్ష పెట్టినాను. రైఫిల్‌కు మెత్తటి తోలు చుట్టి బల్ల వైసులో బిగించి, మనిషి చెయ్యి తగలకుండా ట్రిగ్గరు మాత్రం పాప నొక్కేటట్టు. చెక్కుచెదరని కొత్త పెల్లెట్లు పది, కొత్తవాటినే శ్రావణంతో నొక్కినవి పది, కొత్తవాటినే కడిగినవి పది. చిల్లులన్నీ కలిసిన గుంపు వెడల్పు వెర్నియరుతో కొలిచినాము. కొత్తవి 6.4 మిల్లీమీటర్లు. పెల్లెట్ వెడల్పే నాలుగున్నర కాబట్టి ఒకదాని మీద ఒకటి పడ్డట్టే లెక్క. శ్రావణం గుర్తులున్నవి 10.8. కడిగినవి 9 దాటింది.

బరువు సంగతి కూడా తేల్చుకోవాలి కదా. ఇంకో కొత్త టిన్ను లోంచి, ఈసారి మెత్తటి కుంచెతో జరిపి తూచి, అన్నింటికంటే తేలికవి పది, బరువువి పది వేయించినాను. రెండు గుంపులూ దాదాపు ఒకే చోట. పాప ఫిజిక్సు పుస్తకం తెచ్చుకుని లెక్క వేసి చూపించింది. సెకనుకు 170 మీటర్లకు పైగా పోయే పెల్లెట్, పది మీటర్లు దాటేలోపు కిందికి జారేది పదిహేడు మిల్లీమీటర్ల లోపే. తొమ్మిది మిల్లీగ్రాముల తేడా వల్ల ఆ జారడంలో వచ్చే మార్పు మూడో వంతు మిల్లీమీటరు కూడా లేదు. నా మూడు రాత్రుల పని విలువ పాయింటులో పదో వంతు. ఆ పనిలో నేను చేసిన సొట్టల ఖరీదు రెండు పాయింట్లు. మంచి టిన్నులో బరువు తేడాలు కర్మాగారం వాళ్ళే అదుపులో పెట్టి పంపుతారు. కొన్నవాడు చేయగలిగిందల్లా వాళ్ళు పంపినదాన్ని చెడగొట్టకుండా ఉండడం.

తూచినవి, కడిగినవి, కలిపినవి అన్నీ పక్కన పెట్టేసినాను. కలిపినవాటిలో ఇంకో చిక్కు కూడా ఉంది. పాత టిన్ను మీద తల కొలత 4.49 అని, కొత్తదాని మీద 4.50 అని రాసి ఉంది. కళ్ళకు కనిపించని తేడా, గొట్టానికి తెలిసే తేడా. రెండూ కలిసిపోయినాక వేరు చేసే దారి లేదు, పారేయడమే దారి.

తర్వాత గొట్టం శుభ్రం చేయాలి. సీసం అంటుకున్న గొట్టంలో ఎంత మంచి పెల్లెట్ వేసినా ఉండుండి చెదురుతుంది. నేను కాటా ముట్టకముందే మొదలైన చెదరడం దానివల్లే అయి ఉండాలి. సిలిండర్ విప్పేసి, లోపల మిగిలిన గాలి వదిలేసి, ఫెల్ట్ బిళ్ళలు కట్టిన తీగను పెల్లెట్ పెట్టే చోటు (బ్రీచ్) నుంచి మూతి వైపుకు లాగడం. మొదటి బిళ్ళ బొగ్గులాగా వచ్చింది, ఆరోది బూడిద రంగులో, తొమ్మిదోది దాదాపు తెల్లగా. శుభ్రం చేసినాక మొదటి పది పదిహేను గుండ్లు కుదురుకోవు. వాటిని లెక్కలోకి తీసుకోకూడదని కోచ్ సారు ముందే చెప్పినారు. చెప్పకపోయి ఉంటే ఆ మొదటి కార్డు చూసి మళ్ళీ గుండె జారేది.

ఇంతలో దసరా వచ్చింది. ప్రొద్దుటూరులో దసరా అంటే ఇంటినిండా చుట్టాలే. పాప రైఫిల్‌లో పెల్లెట్ పెట్టి మూసింది, ఎవరో తలుపు కొట్టినారు. రైఫిల్ బల్ల మీద పెట్టి పోయింది. వచ్చి మళ్ళీ తెరిచి ఇంకోటి పెట్టింది. నొక్కితే చప్పుడు మొద్దుగా వచ్చింది. గుండు అయిదో రింగులో, కిందికి. దగ్గరికి పోయి చూస్తే చిల్లు పొడుగ్గా, ఎనిమిది అంకెలాగా. రెండు పెల్లెట్లు ఒకేసారి పోయినాయి. అది తెలియక ముందే నేను గురి చూసే సైటు వదులైందని నాలుగు క్లిక్కులు పైకి తిప్పేసినాను. తర్వాతి అయిదు గుండ్లు పైకి పోయినాయి. ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చినట్టయింది. ఇప్పుడు మా ఇంట్లో నియమం: ఒక్క గుండు కోసం సైటు ముట్టుకోకూడదు. ముందు చిల్లు చూడాలి, లెక్క చూడాలి, ఆ తర్వాత ఇంకో మూడు వేసి చూడాలి.

ఆ నెలలోనే మాకు తెలిసిన ఒక పెద్దమనిషి అంగడికి వచ్చినాడు. ఆయనకు లైసెన్సు రైఫిల్ ఉంది. వాడేసిన ఇత్తడి గొట్టాలు సంచి నిండా దాచి పెట్టుకున్నాడు. "నీ దగ్గర మిల్లీగ్రాము కాటా ఉందంట కదా, మందు, మిగతావి నేను తెస్తా, కొలిచి నింపి ఇయ్యి చాలు" అన్నాడు. నేను కుదరదన్నాను. లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, రైఫిల్‌కు లైసెన్సు ఉంటే దాని తూటాలు నింపుకోవడానికి కూడా ఉన్నట్టు కాదు. ఆయన కొంచెం ముఖం ముడుచుకున్నాడు. ఆ మాట కోచ్ సారుతో అంటే ఆయన చాలాసేపు మాట్లాడినారు. అమెరికా లాంటి చోట్ల షూటర్లు చట్టబద్ధంగా ఇంట్లోనే తూటాలు నింపుకుంటారు. వాళ్ళకు ప్రాణం మీదికి వచ్చే తప్పులు రెండు. ఒకటి, మాటల్లో పడి ఒకే గొట్టంలో మందు రెండుసార్లు పోయడం. రైఫిల్ ముఖం దగ్గరే పగులుతుంది. రెండోది, మందు పోయడమే మరిచిపోయి గుండు బిగించడం. అడుగునున్న, మందుకు నిప్పు పెట్టే ప్రైమరు ఒక్కటే పేలి గుండును గొట్టం మధ్య దాకా తోసి వదిలేస్తుంది. చప్పుడు చిన్నగా వచ్చిందని గమనించక ఇంకోటి పేలిస్తే గొట్టమే చీలుతుంది. అందుకని వాళ్ళు బెజ్జాల చెక్కలో గొట్టాలు వరసగా నిలబెట్టి, గుండు బిగించే ముందు టార్చి వేసి ప్రతిదాంట్లోకీ తొంగి చూస్తారట. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బా తప్ప రెండోది ఉండనివ్వరట. తప్పు నింపినట్టు అనుమానం వస్తే ఆ వరస మొత్తం విప్పేస్తారట గాని, "బాగానే ఉంటుందిలే" అని ఒక్కటి కూడా కాల్చరట.

వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. రెండుసార్లు పెట్టడం, మాటల్లో పడి లెక్క తప్పడం, రెండు డబ్బాలు కలిసిపోవడం, అన్నీ మా మేడమీద జరిగినవే. మాది గాలి కాబట్టి కార్డు మాత్రమే పాడైంది.

గుండు గొట్టంలో ఇరుక్కోవడం కూడా మరుసటి వారమే జరిగింది. సిలిండర్ ముల్లు చూసుకోలేదు. గాలి బాగా దిగిపోయింది. పాప నొక్కితే 'ఫుస్'మంది, కార్డు మీద చిల్లు లేదు. పాప చేయి అలవాటుగా ఇంకో పెల్లెట్ వైపు పోతోంది. "ఆగు తల్లీ, ముట్టుకోవాకు" అని అరిచినాను. గొట్టంలో పెల్లెట్ ఇరుక్కుని ఉంది. నేనే ఏదో కడ్డీ పెట్టి పొడిచి తీద్దామన్న ఆలోచన వచ్చింది, ఆపుకున్నాను. గొట్టం మూతి అంచు మీద గీత పడితే ఆ రైఫిల్ మళ్ళీ మామూలు కాదు. సిలిండర్ విప్పి, పెట్టెలో పెట్టి హైదరాబాదు తీసుకుపోతే, కోచ్ సారు పూత వేసిన కడ్డీతో నిదానంగా తోసి తీసినారు. రెండు నిమిషాల పని. దానికి మేము రెండు రాత్రులు బస్సులో కూర్చున్నాము, అయినా ఏ బాధా లేదు.

ఆ బెజ్జాల చెక్క మాట మాత్రం నా మనసులో నిలిచిపోయింది. టేకు పలక ఒకటి తీసుకుని పది వరసలు, వరసకు ఆరు బెజ్జాలు తొలిచినాను. తర్వాత ఆలోచిస్తే కార్డు లెక్క పదులతో కదా అని, దాన్ని పక్కన పడేసి ఆరు వరసలు, వరసకు పది చొప్పున ఇంకోటి తొలిచినాను. బెజ్జం పెల్లెట్ తల కంటే ఒక వెంట్రుకవాసి వెడల్పు, లోపల బర్రుతో నున్నగా తిప్పింది. పెల్లెట్ తల కిందికి నిలబడుతుంది, స్కర్టు పైకి కనిపిస్తుంది. ప్రాక్టీసుకు ముందు పాప టిన్ను లోంచి మెత్తటి గుడ్డ మీద కొన్ని జార్చి, వేలికొసలతో నడుము దగ్గర పట్టుకుని నింపుతుంది. అరవై నిండినాక లైటు కింద పలకను వంచి చూస్తే అరవై వలయాలూ ఒక్కసారే కనిపిస్తాయి. ఒక్కటి కోడిగుడ్డులా ఉన్నా కన్ను అక్కడే ఆగుతుంది. ఒక్కో చుక్కకు ఒక్కో గుండు చొప్పున వేస్తుంది కాబట్టి, ఖాళీ బెజ్జాలు, చిల్లులు ఎప్పుడూ సమానంగా ఉండాలి. తేడా వస్తే అక్కడికక్కడే ఆపడం. మధ్యలో లేవాల్సి వస్తే గుండు టార్గెట్ పెట్టెలోకి పేల్చేసి, బోల్టు తెరిచి, గొట్టం ఖాళీ అని చూపించే సేఫ్టీ ఫ్లాగు తీగ దాని పొడుగునా దూర్చి పోవడం. ఎవరు తలుపు కొట్టినా సరే, ఆ పని అయినాకే.

గాలి సంగతి ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ల దాకా పట్టాలి. చేతిపంపుతో కొడితే చెమట కాదు, ప్రాణం పోతుంది. పంపు కాలిపోతుంది, మధ్యలో ఆగాలి. వేడిగా ఉన్నప్పుడు ముల్లు 200 చూపించి, తెల్లారేసరికి చల్లబడి దిగి ఉంటుంది. దాన్ని చూసి కారుతోందని వాషర్లు విప్పినవాళ్ళు ఉన్నారు, నేనూ విప్పబోయినాను. మా పనిశాలలో టార్చికి వాడే ఆక్సిజన్ సిలిండర్ ఉంది. దాంట్లోంచి ఒక గొట్టం తగిలించి నింపితే రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా అని ఒకరోజు అనుకున్నాను. కోచ్ సారును అడిగితే ఆయన ఫోనులో కేక వేసినారు. రైఫిల్ లోపల గ్రీజు ఉంటుంది, రబ్బరు రింగులుంటాయి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పు లేకుండానే అంటుకుని పేలుతుంది. ఆక్సిజన్ వాల్వుకు నూనె చేతులు తగలనివ్వొద్దని మా పనివాళ్ళకు రోజూ చెప్పేది నేనే! పనిశాలలో తెలిసిన సంగతి మేడ మెట్లెక్కేసరికి మరిచిపోయినాను. మామూలు గాలి తప్ప ఇంకేదీ దాంట్లోకి పోకూడదు. నింపిన సిలిండర్‌ను మా ఎండల్లో కారులో వదిలేయకూడదు. సిలిండర్ మీద అచ్చు కొట్టిన తేదీ నుంచి పదేళ్ళు దాటితే పక్కన పెట్టేయాలి. పాత రైఫిల్ కొనేవాళ్ళు ముందు ఆ తేదీ చూడండి.

సీసం గురించి మా ఆవిడ పెట్టిన కట్టుబాట్లు: మేడమీద తినుబండారం ఉండకూడదు, దిగగానే సబ్బుతో చేతులు కడగాలి, పెట్టె దగ్గర పొడి చీపురు వాడకూడదు, తడిగుడ్డతోనే తుడవాలి. పిల్లల ఒంట్లోకి సీసం పోతే మెదడుకే చేటు. అందులో ఆమె మాటే చివరి మాట.

ఇప్పుడు పెల్లెట్లు కొనే తీరు మారింది. కర్మాగారంలో ఒక విడతలో తయారైన సరుకును లాటు అంటారు; మూడు నాలుగు లాట్లలో ఒక్కో టిన్ను తెప్పిస్తాను. రైఫిల్ వైసులో బిగించి లాటుకు పది చొప్పున మూడుసార్లు వేయిస్తాను. ఏ లాటు గుంపు చిన్నగా ఉంటే ఆ లాటువే పది టిన్నులు ఒకేసారి. పక్క రైఫిల్‌కు బాగున్నది మనదానికి బాగుండాలని లేదు, ఎక్కువ ధరదే మంచిదనీ లేదు. మాకు నచ్చిన లాటు ధరలో మూడోది. బల్ల మీద ఒక్క టిన్నే ఉంటుంది. తెరిచిన తేదీ, లాటు నంబరు, తల కొలత, వేసిన గుండ్లు, గొట్టం తుడిచిన రోజు, అన్నీ ఖాతా పుస్తకంలో ఎక్కుతాయి. బంగారం జమాఖర్చు రాసే ఎర్ర అట్ట పుస్తకమే అది. ఎడమ పేజీలో నా రాత, కుడి పేజీలో పాప రాత.

ఆ చెడ్డ మూడు నెలల్లో అరవై గుండ్లకు పాప 590 దాటడం కష్టమయ్యేది. ఆమధ్య జరిగిన పోటీలో 611.3 వేసింది. మెడల్ రాలేదు. వచ్చినాక కార్డుల ఫోటోలు ముందేసుకుని, "నాయనా, ఈ రెండు తొమ్మిదులు నావే, పెల్లెట్లవి కావు" అంది. చెప్పేటప్పుడు ముఖంలో దిగులు లేదు. ఏది తన తప్పో, ఏది కాదో ఇప్పుడు ఆ పిల్లకు తెలుసు.

ఆ రాత్రి తిండి దగ్గర "ప్రాక్టీసు చేస్తే వస్తుంది" అన్నందుకు పాపకు నేను క్షమాపణ చెప్పినాను. ఏ మాట గురించో తనకు గుర్తే లేదంది.

మంచి లాటులో రెండు టిన్నులే మిగిలినాయి. ఆ నంబరు ఇంక రాదని డీలరు చెప్పినాడు. కొత్తవి నాలుగు లాట్లు నిన్న పార్శిల్లో వచ్చినాయి. టిన్నులు సొట్ట పడకుండా ఉన్నాయో లేదో చూసి బీరువాలో పెట్టినాను. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, రైఫిల్ వైసులో బిగించాలి.